హోమ్ లోన్ బేగి తీర్చేయాలంటే: బడ్జెట్ నుంచి ఈసీ దాకా స్టెప్ బై స్టెప్

"ముందే కట్టేస్తే బ్యాంకోళ్లు ఫైన్ ఏస్తారేటి?", "నెలకి రెండు వేలు ఎక్కువ కడితే ఏటి ఒరుగుతాది?", "డబ్బులొచ్చాయి, లోన్‌లో పడేయాలా బంగారం కొనాలా?" మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తిప్పితిప్పి ఇవే అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం వరసలో రాసేస్తున్నా. వరస ముఖ్యం, ఆరో స్టెప్ (బ్యాంకులో ఎక్స్‌ట్రా కట్టడం) మొదట చేసేసి తర్వాత రెండో స్టెప్ (అత్యవసర నిధి లాంటివి) కోసం బంగారం తాకట్టు పెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు.

లెక్కలన్నిటికీ ఒకటే ఉదాహరణ: 25 లక్షల లోన్, 8.5% వడ్డీ, 20 ఏళ్లు. ఈఎమ్ఐ 21,696 రూపాయలు. మీ నంబర్లు వేరే ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఏ ఈఎమ్ఐ కాలిక్యులేటర్‌లో అయినా వేసి చూస్కోండి.

1. ముందు మీ లోన్ ఎక్కడుందో చూడండి

ఈఎమ్ఐ ఎంతో అందరికీ నోటికి వచ్చు, అసలు ఎంత మిగిలిందో అడిగితే మాత్రం చాలామంది బుర్ర గోక్కుంటారు. బ్యాంక్ యాప్‌లోనో బ్రాంచిలోనో లోన్ స్టేట్‌మెంట్ తీస్కోండి. ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఇంకా ఎన్ని ఈఎమ్ఐలు ఉన్నాయి, రేటు ఎంత, ఇవన్నీ చూపించే స్టేట్‌మెంట్ మూడు నెలలకోసారి అందుబాటులో పెట్టాలని ఆర్‌బీఐ 2023 ఆగస్టులోనే చెప్పింది, కాబట్టి మొహమాటపడక్కర్లేదు, అడగండి.

స్టేట్‌మెంట్‌లో మొదటి నెల లైన్ ఒక్కసారి వేలు పెట్టి చదవండి. మన ఉదాహరణలో కట్టిన 21,696లో వడ్డీకి పోయింది 17,708, అసలు తగ్గింది 3,988. ఐదేళ్లు ఇలా కడితే జేబులోంచి 13 లక్షలు పోతాయి, అసలు మాత్రం 25 లక్షల నుంచి 22 లక్షల మూడు వేల దగ్గర ఆగుతుంది. మొత్తం 20 ఏళ్లూ కడితే వడ్డీయే 27 లక్షల పైన. ఎక్స్‌ట్రాగా కట్టే ప్రతి రూపాయీ మాత్రం నేరుగా అసలులోంచే తగ్గుతుంది, మనం వాడుకోబోయేది ఇదే.

కాగితం మీద రాసుకోవాల్సినవి:

- ఇవాళ్టికి అసలు బాకీ ఎంత
- రేటు ఎంత, ఫ్లోటింగా (మారే రేటు) ఫిక్స్‌డా (మారని రేటు)
- ఫ్లోటింగ్ అయితే రెపోకి (ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటుకి) లింకైందా, బ్యాంకు సొంత లెక్కతో నడిచే పాత పద్ధతిలో ఉండిపోయిందా
- మిగిలిన ఈఎమ్ఐలు ఎన్ని, ఆఖరి ఈఎమ్ఐ నాటికి మీ వయసెంత (రిటైర్మెంట్ దాటిపోతుంటే ఈ పని ఇవాళే మొదలెట్టండి)
- అగ్రిమెంట్‌లో ప్రీపేమెంట్ (గడువుకి ముందే కట్టడం) గురించి ఏం రాసుంది

ఫైన్ సంగతి: సొంత ఇంటి కోసం వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు లోన్ మీద ముందుగా కట్టినందుకు ఛార్జీ వేయకూడదు, కొంత కట్టినా మొత్తం తీర్చేసినా అంతే. ఫిక్స్‌డ్ రేటు అయితే ఛార్జీ ఉండొచ్చు, అది ఎంతో రాతపూర్వకంగా అడిగాకే ముందుకెళ్లండి.

2. కట్టడం మొదలెట్టే ముందు మూడు పనులు

మొదటిది అత్యవసర నిధి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు, ఈఎమ్ఐలు కలిపి, చేతికి వెంటనే అందేలా సేవింగ్స్‌లోనో ఎఫ్‌డీలోనో ఉండాలి. ప్రైవేటు ఉద్యోగమైతే ఆరు నెలలది పెట్టుకోండి. లోన్‌లో ఒకసారి పడేసిన డబ్బు మామూలు హోమ్ లోన్‌లోంచి వెనక్కి రాదు, రేపు ఆసుపత్రి ఖర్చు వస్తే "మొన్ననే రెండు లక్షలు కట్టానండీ" అంటే బ్యాంకు వినదు.

రెండోది ఖరీదైన అప్పులు. మన ఊళ్ల లెక్కలో చెప్పుకుందాం. 8.5% అంటే నెలకి నూటికి 71 పైసల వడ్డీ. బయట తెచ్చిన రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24%. క్రెడిట్ కార్డు బాకీ అంతకన్నా దారుణం, చాలా కార్డులకి నెలకి మూడు రూపాయల పైనే పడుతుంది. ఇవి నెత్తిమీద పెట్టుకుని 71 పైసల అప్పు ముందే తీర్చడం శుద్ధ తెలివితక్కువ. వరస ఇలా పెట్టుకోండి: కార్డు బాకీ, చేబదులు వడ్డీ అప్పులు, పర్సనల్ లోన్, గోల్డ్ లోన్, బండి లోన్, ఆఖర్న హోమ్ లోన్.

మూడోది ఇన్సూరెన్స్. ఇంటి పెద్ద పేరు మీద లోన్ బాకీకి తగ్గకుండా టర్మ్ పాలసీ, ఇంట్లో అందరికీ హెల్త్ పాలసీ. ఇవి లేకుండా ప్రీపేమెంట్ జోలికి వెళ్లొద్దు.

3. బడ్జెట్: డబ్బు నిజంగా ఎక్కడ పోతోంది

ఒక ఇల్లు అనుకుందాం. విజయనగరంలో సొంత ఫ్లాటు, ఆయన పైడిభీమవరం ఫార్మా కంపెనీకి బస్సులో వెళ్లొస్తాడు, ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్. ఇద్దరివీ కలిపి చేతికొచ్చేది 64,000.

- ఈఎమ్ఐ: 21,696
- సరుకులు, పాలు, కూరలు, గ్యాస్: 12,500
- పిల్లల ఫీజులు నెలవారీ లెక్కన: 6,000
- పెట్రోలు, ఛార్జీలు: 4,500
- కరెంటు, ఫోన్లు, నెట్, ఫ్లాట్ మెయింటెనెన్స్: 3,500
- ఊళ్లో అమ్మానాన్నలకి: 4,000
- ఇన్సూరెన్స్, మందులు: 3,500
- పండగలు, చదివింపులు, బట్టలు (ఏడాది ఖర్చుని 12తో భాగించి): 3,000

కూడితే 58,696. అంటే నెలకి 5,300 మిగలాలి. ఎకౌంట్ చూస్తే నెలాఖరుకి ఎనిమిది వందలు ఉంటాయి. మిగతాది ఏమైపోయింది? ఇద్దర్లో ఎవరూ దొంగ కాదు, ఫోన్‌లో స్కాన్ చేసిన చిన్న చిన్న పేమెంట్లే. గత మూడు నెలల యూపీఐ హిస్టరీ తీసి భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని చూడండి, ఒక్కరే చూస్తే అది బడ్జెట్ అవ్వదు, విచారణ అవుతుంది.

మన దగ్గర బడ్జెట్లు కొంప ముంచేది నెలవారీ ఖర్చుల్లో కాదు, ఏడాదికోసారి వచ్చేవాటిలో. సంక్రాంతికి అల్లుళ్లూ బట్టలూ, శ్రావణ మాసం, దసరా తర్వాత సిరిమానోత్సవానికి ఇంటినిండా బంధువులు, మూఢం అయిపోగానే వరసపెట్టి పెళ్లిళ్లు, జూన్‌లో స్కూలు ఫీజులు. ఇవి ఎప్పుడొస్తాయో ముందే తెలుసు కదా, అయినా ప్రతిసారీ అకస్మాత్తుగా వచ్చినట్టే అప్పు చేస్తాం. వీటికి విడిగా ఒక రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) పెట్టండి, లేకపోతే జనవరిలో మీ ప్రీపేమెంట్ ప్లాన్ భోగిమంటల్లో పోతుంది.

ఇక అసలు కిటుకు: మిగిలినది కట్టడం కాదు, ముందే తీసేయడం. జీతం పడిన మర్నాడే ఎక్స్‌ట్రా ఎమౌంట్ లోన్ ఎకౌంట్‌కి వెళ్లిపోయేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. మొదటి మూడు నెలలు అనుకున్నదాంట్లో సగమే పెట్టండి, ఇల్లు అలవాటు పడ్డాక పెంచొచ్చు.

4. ఎంత కడితే ఎంత తగ్గుతుంది

అదే 25 లక్షల లోన్, మొదటి నెల నుంచీ కడితే:

- నెలకి 2,000 ఎక్కువ: 20 ఏళ్ల లోన్ సుమారు 16 ఏళ్ల 3 నెలల్లో ముగుస్తుంది, వడ్డీ సుమారు 5.9 లక్షలు మిగులు
- నెలకి 5,000 ఎక్కువ: 13 ఏళ్ల లోపే ముగింపు, వడ్డీ సుమారు 10.9 లక్షలు మిగులు
- ఏడాదికి ఒక్క ఈఎమ్ఐ అదనంగా: మూడేళ్లకి పైగా తగ్గుతుంది
- ఇంక్రిమెంట్ వచ్చినప్పుడల్లా, అంటే ఏటా, కట్టేది 5% పెంచుకుంటూ పోతే: 12 ఏళ్ల రెండు మూడు నెలలకి అయిపోతుంది

జీతగాళ్లకి నేను మొదట చెప్పేది ఈ నాలుగోదే. మొదటి ఏడాది పైసా ఎక్కువ కట్టక్కర్లేదు, రెండో ఏడాది నెలకి సుమారు 1,085 ఎక్కువ, అంతే. పెరిగిన జీతంలోంచే పోతుంది కాబట్టి ఇంట్లో గొడవ ఉండదు.

ఎప్పుడు కడుతున్నారనేది కూడా చూడండి. లోన్ తీసుకోగానే లక్ష కడితే సుమారు 4 లక్షల వడ్డీ తప్పుతుంది, అదే లక్ష పదేళ్ల తర్వాత కడితే తప్పేది సుమారు లక్షా పాతిక వేలు. "కొన్నాళ్లు పోయాక ఒకేసారి పెద్దగా కడదాం" అనేవాళ్లు ఈ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

5. విడిగా వచ్చే డబ్బు

ఉద్దానం వైపు జీడి పంట డబ్బు, వరి అమ్మితే వచ్చింది, మామిడి తోట కౌలు, సరుగుడు కొట్టించిన డబ్బు, గవర్నమెంట్ ఉద్యోగులకి డీఏ ఎరియర్స్, లీవ్ సరెండర్, కంపెనీ బోనస్, చిట్టీ డబ్బు. ఇవి చేతికొచ్చిన వారంలో ఏదో ఒకటి చేయకపోతే కరిగిపోతాయి, మీకు తెలియంది కాదు.

సగం లోన్‌కి, పావు అత్యవసర నిధికో వచ్చే పంట పెట్టుబడికో, పావు ఇంట్లోవాళ్ల సరదాకి. మొత్తం లోన్‌కే పోసేస్తే రెండోసారి ఇంట్లో ఎవరూ సహకరించరు. వ్యవసాయం మీద బతికేవాళ్లు మాత్రం పెట్టుబడి డబ్బు ముందు పక్కన పెట్టాలి, 71 పైసల అప్పు తీర్చి జూన్‌లో ఎరువులకి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే అది వెనకడుగే.

చిట్టీ ఉంటే లోన్ కట్టడం కోసమని తొందరపడి పాట ఎక్కువ తగ్గించి పాడొద్దు. పాటలో పోయేది ఎంత, లోన్‌లో మిగిలేది ఎంత, లెక్కేస్కోండి.

6. బ్యాంకులో కట్టే పద్ధతి (చాలామంది ఇక్కడే జారిపోతున్నారు)

డబ్బు కట్టేస్తే పనైపోయినట్టు కాదు. ఎక్స్‌ట్రా డబ్బు మూడు రకాలుగా జమవ్వచ్చు: అసలు తగ్గి టెన్యూర్ (లోన్ కాలం) తగ్గడం, అసలు తగ్గి ఈఎమ్ఐ తగ్గడం, లేదా అసలు తగ్గకుండా వచ్చే నెల ఈఎమ్ఐ కింద ముందస్తుగా పడుండడం. మనక్కావాల్సింది మొదటిది.

తేడా ఎంతో చూడండి. ఐదేళ్లు కట్టాక 2 లక్షలు ప్రీపే చేశారు. ఈఎమ్ఐ తగ్గించమంటే నెలకి 1,970 దాకా తగ్గుతుంది, మిగిలిన 15 ఏళ్లలో వడ్డీ మిగులు సుమారు లక్షా 55 వేలు. ఈఎమ్ఐ అలాగే ఉంచి టెన్యూర్ తగ్గించమంటే 29 నెలల ఈఎమ్ఐలు పోతాయి, వడ్డీ మిగులు సుమారు 4.4 లక్షలు. కట్టింది అదే 2 లక్షలు! జీతం తగ్గిపోయి నెల గడవడమే కష్టంగా ఉంటే తప్ప ఈఎమ్ఐ తగ్గించే ఆప్షన్ తీసుకోవద్దు.

వరస ఇది:

1. బ్రాంచిలోనో కస్టమర్ కేర్‌లోనో అడగండి: పార్ట్ పేమెంట్ యాప్‌లో అవుతుందా, లోన్ ఎకౌంట్ నంబర్‌కి నేరుగా ట్రాన్స్‌ఫర్ చేస్తే చాలా, మినిమం ఎంత. కొన్ని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు చిన్న ఎమౌంట్లు తీసుకోవు, అలాంటిచోట నెలనెలా ఆర్‌డీలో వేసి ఆరు నెలలకోసారి కట్టండి.
2. మీ సొంత ఎకౌంట్ నుంచే కట్టండి, లెక్క క్లియర్‌గా ఉంటుంది.
3. నెల మొదట్లో కట్టండి. రోజువారీ బ్యాలెన్స్ మీద వడ్డీ వేసేచోట 2వ తేదీన కట్టినదానికీ 28న కట్టినదానికీ తేడా ఉంటుంది.
4. అదే రోజు ఒక మెయిల్ లేదా లెటర్ ఇవ్వండి. లెటర్ అయితే రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదానిమీద బ్రాంచి సీలు, తేదీ వేయించుకోండి.
5. పది రోజులాగి స్టేట్‌మెంట్ తీసి అసలు తగ్గిందా, ఈఎమ్ఐ మారకుండా ఉందా, మిగిలిన నెలలు తగ్గాయా చూడండి.

లెటర్‌లో పెద్ద కవిత్వం అక్కర్లేదు: "నా హోమ్ లోన్ ఎకౌంట్ నంబర్ ఫలానా. ఫలానా తేదీన ఇన్ని రూపాయలు పార్ట్ ప్రీపేమెంట్‌గా కట్టాను. ఈ మొత్తాన్ని అసలులో తగ్గించి, ఈఎమ్ఐ మార్చకుండా టెన్యూర్ తగ్గించి, కొత్త షెడ్యూల్ ఇవ్వగలరు." ఇంతే.

"మేడమ్ లీవ్‌లో ఉన్నారు, సోమవారం రండి" అంటారు. పర్లేదు, మెయిల్ కొట్టేసి రండి, మెయిల్‌కి లీవులుండవు.

కొన్ని బ్యాంకుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ టైపు హోమ్ లోన్ ఉంటుంది, ఎస్‌బీఐలో మాక్స్‌గెయిన్ అలాంటిదే. మిగులు డబ్బు అందులో ఉన్నన్నాళ్లు దానిమేర వడ్డీ పడదు, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. వ్యాపారం చేసేవాళ్లకి బాగుంటుంది. చేతిలో డబ్బు కనబడితే ఆగలేనివాళ్లకి మాత్రం మామూలు లోనే మంచిది, అందులో పడ్డ డబ్బు మళ్లీ బయటికి రాదు కాబట్టి.

7. రేటు మీద ఒక కన్నేసి ఉంచండి

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు 4% నుంచి 6.5%కి ఎక్కింది. అప్పుడు చాలా లోన్లలో ఈఎమ్ఐ మారలేదు, టెన్యూర్ చడీచప్పుడు లేకుండా ఏళ్ల తరబడి పెరిగిపోయింది. మళ్లీ 2025 ఫిబ్రవరి నుంచి తగ్గించడం మొదలెట్టి జూన్‌కి 5.5%కి తెచ్చారు. మీ రేటు దానికి తగ్గట్టు తగ్గిందా? రెపో లింక్డ్ లోన్ అయితే కనీసం మూడు నెలలకోసారి రీసెట్ అవ్వాలి. పాత పద్ధతిలో ఉండిపోతే మార్పించుకోండి, కన్వర్షన్ ఫీజు కొంత ఉంటుంది, ఎక్కువ ఏళ్లు మిగిలుంటే గిట్టుబాటే.

రేటు తగ్గినప్పుడు ఈఎమ్ఐ కూడా తగ్గిస్తామంటే వద్దని చెప్పండి, పాత ఈఎమ్ఐయే ఉంచమనండి. వేరే బ్యాంకుకి మార్చే ముందు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చు, ఎమ్‌ఓడీ (ఇంటి కాగితాలు బ్యాంకుకి తాకట్టు పెట్టినట్టు రాసే పత్రం) మళ్లీ రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి చూడండి. అర శాతం తేడా, పదిహేనేళ్లు మిగులు ఉంటే ఆలోచించొచ్చు. ఆఖరి నాలుగైదేళ్లలో ఉంటే వదిలేయండి.

8. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసుకోవడం

"టాక్స్ బెనిఫిట్ పోతుంది కదా" అని ఆగిపోవడం. సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు పాత టాక్స్ పద్ధతిలోనే ఉంది, కొత్త పద్ధతిలో లేదు. పాతదాంట్లో ఉన్నా, 20% స్లాబ్ అయితే లక్ష వడ్డీ కట్టి సుమారు 20,800 టాక్స్ మిగుల్చుకుంటున్నారు. మిగతా 79 వేలూ పోయినట్టే.

ఒకపక్క ఎఫ్‌డీలు అలాగే ఉంచుకుని ఇంకోపక్క లోన్‌కి వడ్డీ కట్టడం. అత్యవసర నిధి కాకుండా మిగిలిన ఎఫ్‌డీల మీద వచ్చేది మామూలుగా హోమ్ లోన్ వడ్డీకన్నా తక్కువ, పైగా దానికి టాక్స్. మెచ్యూర్ అవ్వగానే లోన్‌కి మళ్లించండి.

పిల్లల చదువు డబ్బు లాగేయడం. ఇంటరూ ఇంజినీరింగూ రెండు మూడేళ్లలో ఉంటే ఆ డబ్బు ముట్టుకోవద్దు, తర్వాత ఎడ్యుకేషన్ లోన్ ఎక్కువ రేటుకి తీసుకోవాల్సొస్తుంది. పీఎఫ్ కూడా రిటైర్మెంట్ డబ్బే అని గుర్తుంచుకోండి.

మధ్యలో ఆపేయడం. రెండు నెలలు కట్టలేకపోతే "ఇంక మనవల్ల కాదు" అని మానేస్తారు. ఎక్స్‌ట్రా కట్టడం తప్పనిసరి కాదు, ఆగిన నెల ఆగండి, అసలు ఈఎమ్ఐ మాత్రం మిస్ అవ్వొద్దు. మూడో నెల ఐదు వందలతో అయినా మళ్లీ మొదలెట్టండి.

9. ఆఖరి పేమెంట్, కాగితాలు

బాకీ రెండు మూడు లక్షలకి వచ్చాక ఫోర్‌క్లోజర్ లెటర్ అడగండి. ఫలానా తేదీకి ఇంత కట్టాలని అందులో ఉంటుంది, ఆ తేదీ లోపే కట్టండి, దాటితే వడ్డీ మారి నూటో రెండొందలో బాకీ నిలిచిపోతుంది, ఆ చిన్న బాకీయే తర్వాత సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర రికార్డులో) కనబడుతుంది.

మొత్తం తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగివ్వాలని ఆర్‌బీఐ రూల్ ఉంది, 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు వల్ల లేటైతే రోజుకి 5,000 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. కౌంటర్‌లో ఈ మాట మర్యాదగా గుర్తుచేస్తే ఫైలు కాస్త బేగి కదులుతుంది.

తీసుకోవాల్సినవి, చేయాల్సినవి:

- నో డ్యూస్ సర్టిఫికెట్, లోన్ క్లోజర్ లెటర్, బ్యాలెన్స్ సున్నా చూపించే స్టేట్‌మెంట్
- సేల్ డీడ్ ఒరిజినల్, లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ అప్రూవల్, లోన్ టైమ్‌లో ఇచ్చిన లిస్టుతో ఒక్కొక్కటీ పేజీలు తిప్పి సరిచూసుకున్నాకే సంతకం
- ఇచ్చిన సెక్యూరిటీ చెక్కులు వెనక్కి
- ఆటో డెబిట్ మాండేట్ క్యాన్సిల్
- లోన్‌తో కలిపి అంటగట్టిన సింగిల్ ప్రీమియం పాలసీ ఉంటే, మిగిలిన కాలానికి ఏమైనా వెనక్కి వస్తుందా అని అడగడం
- రెండు నెలలాగి సిబిల్‌లో "క్లోజ్‌డ్" అని వచ్చిందో లేదో చూడటం

ఎక్కువమంది వదిలేసేది ఇంకోటి ఉంది. లోన్ ఇచ్చేటప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎమ్‌ఓడీ రిజిస్టర్ చేయించి ఉంటే, బ్యాంకు చేత రిలీజ్ కూడా అక్కడే రిజిస్టర్ చేయించాలి. లేకపోతే మీ చేతిలో కాగితాలన్నీ ఉన్నా ఈసీలో (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్‌లో) ఇల్లు ఇంకా బ్యాంకు తాకట్టులో ఉన్నట్టే కనబడుతుంది, పదేళ్ల తర్వాత అమ్మబోయేటప్పుడు ఆ బ్రాంచి ఏ బ్రాంచిలో కలిసిపోయిందో వెతుక్కోవాలి. బ్యాంకు వాళ్లతో తేదీ మాట్లాడుకుని, ఆధార్, పాత ఎమ్‌ఓడీ నంబర్ పట్టుకుని వెళ్లండి. పని అయిన వారం తర్వాత మీసేవలో కొత్త ఈసీ తీయించి, రిలీజ్ ఎంట్రీ పడిందో లేదో చూసి, ఆ ఈసీని సేల్ డీడ్‌తో పాటే ఫైల్‌లో పెట్టుకోండి.